పాట మెదడులో ఎలా నిలుస్తుంది?



చదువురాని అవ్వ కూడా పది కీర్తనలు పుస్తకం లేకుండా పాడుతుంది. ఆమెకు ఎవరూ స్వరాలు రాసి నేర్పలేదు. అమ్మ పాడగా విని, కలిసి పాడి నేర్చుకుంది. దేవుడు మెదడులో ఉంచిన ఈ శక్తిని గురించి ఈసారి తెలుసుకుందాం.

ఎలా నేర్చుకుంటాం?

చెవిలో పడిన ధ్వని నరం ద్వారా మెదడులో కణతల వైపున్న భాగానికి చేరుతుంది. స్వరాల హెచ్చుతగ్గులను అది గుర్తిస్తుంది. తాళం పట్టడానికి మన కదలికలను నడిపే భాగాలు, చిన్నమెదడు తోడ్పడతాయి. అందుకే పాట వింటే చెయ్యి తనంతట తానే తాళం వేస్తుంది. మెదడు పాటను ముక్కలుగా పట్టుకుంటుంది. మళ్లీ మళ్లీ పాడినకొద్దీ మెదడు కణాల మధ్య సంబంధం గట్టిపడుతుంది. పల్లవి తిరిగి తిరిగి రావడం ఇందుకు ఎంతో సహాయం.

రాత ఒక్కటే చాలదు

మన తిరుమలలోనే దీనికి ఉదాహరణ ఉంది. తాళ్లపాక అన్నమయ్య (1408-1503) పాటలను రాగిరేకులపై చెక్కి గుడిలో భద్రపరిచారు. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి. మాటలు, రాగాల పేర్లు దొరికాయి. ఆయన పాడిన వరుసలు మాత్రం దొరకలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన విద్వాంసులు వాటిని కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. మాటలను రాగి కాపాడింది. వరుసను కాపాడవలసింది పాడేవారి మెదడే.

మన కీర్తనల పుస్తకంలోనూ పైన రాగం, తాళం పేర్లే ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) గారి కీర్తనల వరుసలు పెద్దల నోటినుండే మనకు అందాయి. విన్నదానిలో కష్టమైన మలుపును మెదడు తేలిక చేసుకుంటుంది. అందుకే ఒకే కీర్తన ఒక్కో సంఘంలో కొద్ది తేడాతో వినిపిస్తుంది.

జబ్బులో పాట

మాటకు ముఖ్యమైన భాగాలు చాలామందికి మెదడు ఎడమవైపున ఉంటాయి. పాటలో రెండు వైపులూ పనిచేస్తాయి. అందువల్ల పక్షవాతంతో మాట పడిపోయినవారిలో కొందరు తెలిసిన పాటను మాటలతో సహా పాడగలుగుతారు. ఈ ఆధారంతో రాగయుక్తంగా మాట నేర్పే పద్ధతిని 1973లో అమెరికా వైద్యులు ప్రకటించారు. మతిమరుపు జబ్బులో బిడ్డల పేర్లు మరచినవారు కూడా చిన్ననాటి పాటను అందుకోవడం మేము చూస్తుంటాం. పాట జబ్బును నయం చేయదు, కాని మనిషిని మనతో కలుపుతుంది.

ఇంట్లో ఏం చేయాలి?

1. కుటుంబ ప్రార్థనలో రోజూ ఒక కీర్తన పిల్లలతో కలిసి పాడండి. క్యాసెట్టు, ఫోను వినిపిస్తే సరిపోదు, నోరు కలపాలి.
2. కొత్త పాటను చరణం చరణంగా నేర్పండి. బాగా నిద్రపోనివ్వండి. నేర్చుకున్నది నిద్రలో స్థిరపడుతుంది.
3. మాట పడిపోయినవారి పక్కన కూర్చుని, వారికి బాగా తెలిసిన పాటను మెల్లగా పాడండి. తొందర పెట్టవద్దు.
4. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంటి వైద్యంతో ఆలస్యం చేయక వెంటనే 108కి ఫోను చేయండి.

పాటలతో ఒకరికొకరు బోధించుకొమ్మని పౌలు కొలొస్సయి సంఘానికి రాశాడు (3:16). మీ ఇంటి పెద్దలకు మాత్రమే తెలిసిన వరుస ఏదైనా ఉంటే, వారు పాడగలిగినప్పుడే పిల్లలకు నేర్పించండి.