మర్యాద ముసుగులో ఎత్తిపొడుపు

తిట్టు తిట్టులాగే వినిపిస్తే దాన్ని అందరూ గుర్తుపడతారు. తిట్టిన మనిషికి కూడా తాను తిట్టానన్న సంగతి తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడతాడు, క్షమాపణ కోరుకుంటాడు. కాని మర్యాద ముసుగు వేసుకుని వచ్చే తిట్టు సంగతి వేరు. "నేనేమన్నాను? మంచిమాటే కదా అన్నాను" అని తప్పించుకునే దారి ఆ మాటలోనే ఉంటుంది. అందుకే ఈ పాపానికి పశ్చాత్తాపపడేవారు బహు తక్కువ. ఈసారి పాఠంలో దీని గురించే ఆలోచిద్దాం.

మన తెలుగులో ఇటువంటి మాటలకు కొదవ లేదు. ఘనకార్యం అంటే గొప్ప పని. ఉద్ధరించడం అంటే పైకి తీసుకురావడం. వెలగబెట్టడం అనే మాటలో వెలుగు ఉంది. కాని "మీవాడు ఏదో ఘనకార్యం చేశాడట", "చదివి ఉద్ధరించాడులే", "పట్నంలో ఏం వెలగబెడుతున్నాడు?" అన్నప్పుడు ఎవరూ దాన్ని పొగడ్తగా తీసుకోరు. గోదావరి జిల్లాల వెటకారం సంగతి చెప్పనే అక్కర్లేదు. 'గారు', 'అండి', 'తమరు' ఏదీ తగ్గదు. మాట మాత్రం ముల్లులా దిగుతుంది. ఉర్దూలోనూ అంతే. 'హజ్రత్' అనే గౌరవ పదంతోనే ఒక్కోసారి జిత్తులమారిని ఉద్దేశిస్తారు. పొద్దెక్కి లేచిన కుర్రవాణ్ణి 'నవాబ్ సాబ్' అంటారు. కొత్తగా గడ్డం పెంచిన యువకుణ్ణి స్నేహితులు 'మౌలానా' అని పిలిచి నవ్వుకుంటారు.

మాట మంచిదే అయినప్పుడు ఇందులో తప్పేముంది? ఈ ప్రశ్నకు దివ్యఖుర్ఆన్‌లోనే సమాధానం ఉంది.

రాఇనా, ఉన్‌జుర్నా

మదీనాలో దైవప్రవక్త (స) బోధిస్తున్నప్పుడు ఏదైనా మాట అందకపోతే సహచరులు 'రాఇనా' అనేవారు. 'మమ్మల్ని కాస్త గమనించండి' అని దాని భావం. అది మర్యాదగల మాటే. కాని అక్కడి యూదులలో కొందరు ఆ పదాన్నే నాలుక మెలితిప్పి, అవమానకరమైన అర్థం వచ్చేలా పలికేవారని వ్యాఖ్యాతలు వివరించారు. పైకి విన్నపం, లోపల వెక్కిరింత. అప్పుడు అల్లాహ్ విశ్వాసులను ఆ పదమే వాడవద్దని, దానికి బదులు 'ఉన్‌జుర్నా' అనమని ఆదేశించాడు (బఖర: 104). నాలుక మెలితిప్పే ఆ తీరును నిసా సూరా 46వ ఆయతు కూడా ఖండించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సహచరుల మనసులో ఏ కల్మషమూ లేదు. అయినా మాట మార్చుకోవలసింది వారే అయ్యారు. రెండర్థాలకు తావిచ్చే మాట కంటే ఒకే అర్థం ఉన్న మాట మేలని అల్లాహ్ వారికి నేర్పాడు. మెలిక మాట ఏ ఒక్క వర్గానికో చెందిన జబ్బు కాదు. ఈ రోజు అది మన నాలుక మీద ఉందా లేదా అన్నదే మనం చూసుకోవలసిన విషయం.

మద్‌యన్ ప్రజల పొగడ్త

హజ్రత్ షుఐబ్ (అలై) తన జాతివారిని తూకంలో, కొలతలో మోసం చేయవద్దని హెచ్చరించారు. వారు ఆయన్ను నేరుగా తిట్టలేదు. ఇదంతా నీ నమాజు నేర్పిందా అని అడిగారు. తర్వాత ఆయన ఎంతో సహనశీలి అనీ, సరైన దారి తెలిసినవారనీ అన్నారు (హూద్: 87). రెండూ గొప్ప గుణాలే. కాని వారు ఎగతాళిగానే ఆ మాట అన్నారని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు. మరి ఈనాడు, "ఐదు పూటలా నమాజు చేసే మనిషివి, నీకు మేం చెప్పాలా?" అని ఒక నమాజీని దెప్పేటప్పుడు మనం ఎవరి మాటను తిరిగి పలుకుతున్నామో ఆలోచించాలి.

కపటుల గురించి చెబుతూ వారిని మాట తీరును బట్టే గుర్తించవచ్చని ఖుర్ఆన్ తెలిపింది (ముహమ్మద్: 30). అంటే మాటకు అర్థం అక్షరాలలోనే కాదు, పలికే తీరులో కూడా ఉంటుంది. మన అక్షరాలు మర్యాదగా ఉన్నాయన్న సాకు మనుషుల ముందు చెల్లవచ్చు. మనసులో ఉన్నది ఎరిగిన ప్రభువు ముందు చెల్లదు.

పవిత్ర పదాలతో పొడిచినప్పుడు

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. బంధువులు వచ్చి కూర్చున్నారు. అత్తగారు నవ్వుతూ, "మాషా అల్లాహ్! మా కోడలికి నిద్ర అల్లాహ్ ఇచ్చిన వరం" అంటారు. తోడికోడలు అందుకుని, "అక్క అదృష్టవంతురాలు, పుట్టింటివారు ఆమె మీద సామాను బరువు కూడా పెట్టలేదు" అంటుంది. అందరూ నవ్వుతారు. ఆ అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంది. ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి? తిట్టారని చెబితే, "వరం అన్నారు, అదృష్టవంతురాలు అన్నారు, ఇందులో తిట్టేముంది?" అంటారు. నేరుగా తిట్టి ఉంటే కనీసం ఆమె బాధను ఎవరైనా నమ్మేవారు.

"పాపం, అతనికి అల్లాహ్ సన్మార్గం చూపుగాక", "అల్లాహ్ దయవల్ల మన పిల్లలు అలా కాలేదు" అనే మాటలు కూడా ఈ కోవలోకి రావచ్చు. ఇది ప్రార్థనా, పరోక్షనిందా? హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో పరమపదించిన ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో నాలుక వల్ల కలిగే కీడులను వివరిస్తూ ఈ రకం నిందను ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఇలా మాట్లాడే ధార్మికులు రెండు పాపాలను జతచేస్తున్నారని ఆయన అంటారు. ఒకటి పరోక్షనింద, రెండవది తమ భక్తిని చాటుకోవడం. పైగా తాము నిందకు దూరంగా ఉన్నామనే అనుకుంటారు. నిజంగా మేలు కోరేవారు ఆ ప్రార్థనను ఏకాంతంలో, సజ్దాలో చేయవచ్చు కదా! దానికి నలుగురు శ్రోతలు ఎందుకు?

హాస్యం వద్దని కాదు

దైవప్రవక్త (స) కూడా చమత్కరించేవారు. ఒక వ్యక్తి వాహనం అడిగితే, ఒంటె పిల్లను ఇస్తానన్నారు. పిల్లతో నేనేం చేసుకోనని అతను తికమకపడ్డాడు. ఏ ఒంటె అయినా ఒక ఒంటెకు పుట్టినదే కదా అని ఆయన చెప్పారు (అబూదావూద్, తిర్మిజీ). అదీ రెండర్థాల మాటే. కాని అందులో అబద్ధం లేదు, ఎవరి పరువూ పోలేదు.

మనల్నే ఎవరైనా పొడిస్తే?

కొందరు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి 'అస్సలాము' అన్నట్లు వినిపించేలా 'అస్సాము అలైకుమ్' అన్నారు. సామ్ అంటే చావు. హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఆ మెలికను పట్టుకుని కోపంతో శపించారు. దైవప్రవక్త (స) ఆమెను వారించి, అల్లాహ్ అన్ని విషయాలలో మృదుత్వాన్ని ఇష్టపడతాడని బోధించారు. తాను 'వ అలైకుమ్' అని మాత్రమే బదులిచ్చానని గుర్తుచేశారు (బుఖారీ, ముస్లిం). ఆయనకు అర్థం కాకపోలేదు. కాని మాటకు మాట పెంచలేదు.

మరో జాగ్రత్త కూడా అవసరం. ప్రతి మంచిమాటలోనూ ముల్లు వెదకడం మరో వ్యాధి. హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని, దెప్పిపొడుపును నిషేధిస్తే, ఆ వెంటనే 12వ ఆయతు అతిగా అనుమానించడాన్ని, పరోక్షనిందను నిషేధించింది. మన మాట విషయంలో కఠినంగా ఉందాం. ఎదుటివారి మాటకు మాత్రం వీలైనంత వరకు మంచి అర్థమే తీద్దాం.

ఆచరణ

మాట పెదవి దాటకముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ మాటకు నేను అనుకున్న అర్థాన్ని ఆ మనిషి ముందే విప్పి చెప్పగలనా? ఇదే మాట, ఇదే గొంతుతో, నా కూతురిని ఎవరైనా అంటే నాకు సంతోషమా? చెప్పవలసిన లోపం నిజంగా ఉంటే, ఒంటరిగా పిలిచి సూటిగా, మెల్లగా ఎందుకు చెప్పకూడదు? "అమ్మా, తెల్లవారి కాస్త ముందు లేస్తే నాకు సాయంగా ఉంటుంది" అనే మాటలో ఒకే అర్థం ఉంది. అది ఎవరినీ ఏడిపించదు.

ఇప్పటికే ఎవరి మనసైనా గాయపరచి ఉంటే, "ఆ రోజు నేను మంచిమాటలా అన్నాను గాని నా ఉద్దేశం మంచిది కాదు, క్షమించు" అని ఒప్పుకుందాం. కష్టమే. కాని ఈ బాకీ ఇక్కడ తీర్చుకోవడమే తేలిక. ప్రళయదినాన మన పుణ్యాలతో చెల్లించవలసి వస్తుంది.

అల్లాహ్ మన నాలుకను, మనసును ఒక్కటి చేయుగాక! మన ఇళ్ళలో 'మాషా అల్లాహ్' అన్న మాట విని ఎవరూ కన్నీరు పెట్టుకోని స్థితిని ప్రసాదించుగాక! ఆమీన్.