ఆల్చిప్పలు – సంతానోత్పత్తి ఋతువులు

స్వాతి కార్తెలో కురిసిన వానచినుకు ముత్యపుచిప్పలో పడినచో ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. భర్తృహరి సుభాషితములు చదివిన విద్యార్థులకు ఈ భావము సుపరిచితమే. పారశీక, ఉర్దూ కవిత్వములయందును ఇట్టి భావమే కలదు. అయితే అచ్చట ఆ చినుకును కురియునది 'అబ్రె నైసాన్', అనగా నైసాన్ మాసపు మేఘము. నైసాన్ ఇంచుమించుగా మన ఏప్రిల్ నెల. స్వాతి కార్తె వచ్చునది అక్టోబరు చివర. రెండు సంప్రదాయములు ఒకే మాటను ఆరు నెలల ఎడముతో చెప్పుట గమనింపదగినది. ఎవరికి వారు తాము ఎరిగిన వానను బట్టి చిప్పకు ఋతువును నిర్ణయించిరి.

వానచినుకు ముత్యము కాదని నేడు మనకు తెలియును. చిప్పలో చేరిన పరాయి పదార్థము చుట్టును ప్రావారపు కణములు పొరలు పొరలుగా స్రవించిన ద్రవ్యమే గట్టిపడి ముత్యమగుచున్నది. కాని ఈ జీవులకును ఋతువులకును గల సంబంధము మాత్రము కల్పన కాదు. వాటి సంతానోత్పత్తిలో అది స్పష్టముగా కనిపించును. ఒక తీరమున గుడ్లు విడుచు కాలమును చూచి మరియొక తీరమునకు అదే కాలమును నిర్ణయింపరాదు. ఈ వ్యాసమున మనము గ్రహింపవలసిన ముఖ్య విషయము ఇదియే.

ఆల్చిప్పలు, ముత్యపుచిప్పలు, సున్నపు గుల్లలు మొలస్కా వర్గమున ద్విపుట జీవుల తరగతికి చెందినవి. వీటికి రెండు చిప్పలు కలవు, తల లేదు. ఇవి మొప్పలతో నీటిని వడగట్టి, అందలి సూక్ష్మ ప్లవకములను ఆహారముగా గ్రహించును. తినదగు ఆల్చిప్ప పిల్లగా నున్నప్పుడు ఒకసారి రాతికి అతుకుకొనిన పిమ్మట జీవితాంతము అచ్చటనే యుండును. అది జోడును వెదకుకొని పోజాలదు. మన తీరపు ఆల్చిప్పలలో ఆడవి గుడ్లను, మగవి శుక్రకణములను నీటిలోనికి విడువగా ఫలదీకరణము నీటిలోనే జరుగును. ఒకటి నేడును, మరియొకటి పది దినముల పిమ్మటను విడిచినచో రెండును వ్యర్థమే. కావున ఒకచోట నున్న వేలాది జీవులు ఒకే కాలమున సిద్ధము కావలెను. ఋతువు యొక్క ఆవశ్యకత ఇందువలననే కలుగుచున్నది.

బీజకోశపు జీవితమును అయిదు దశలుగా విభజింపవచ్చును: విశ్రాంతి, వృద్ధి, పరిపక్వము, విసర్జనము, రిక్తము. విశ్రాంతి దశలో జీవి సమృద్ధిగా తిని గ్లైకోజన్ అను పిండి పదార్థమును శరీరమున నిలువచేయును. వృద్ధి దశలో ఆ నిలువ తరిగి బీజకణములు పెరుగును. విసర్జనము ముగిసిన పిమ్మట మాంసము పలుచనై నీరు కారుచుండును. ఇట్టి సరకునకు విలువ తక్కువ. ఒక్కొక్క ఆడ ఆల్చిప్ప లక్షల కొలది గుడ్లను విడుచును. గుడ్డు పరిమాణము మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. ఫలదీకరణము జరిగిన దాదాపు ఒక్క దినముననే చిన్న చిప్పలు గల డింభకము రూపొందును. ఇది రెండు మూడు వారములు నీటిలో తేలుచు, తిరుగుచు, తుదకు గట్టి ఆధారమునకు అతుకుకొనును. ఆ దినములలో ఆహారము చాలకున్నను, నీటి గుణము మారినను, లక్షలలో మిగులునవి కొన్నియే.

ఈ జీవులకు కాలమును తెలుపునది ఏది? సముద్రజీవుల సంతానోత్పత్తిలో నీటి ఉష్ణోగ్రతకు గల ప్రాధాన్యమును 1920లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆర్టన్ వివరించెను. అమెరికాలో లూసనాఫ్ నడిశీతకాలమున ఆల్చిప్పలను వెచ్చని నీటిలో నుంచి, వాటి బీజకోశములను అకాలమున పరిపక్వము చేయవచ్చునని 1945లో ప్రకటించెను. నీటిలో శుక్రకణములు కలిసినచో అది ఆడ ఆల్చిప్పలకు గుడ్లు విడుచుటకు ప్రేరణ యగునని గాల్ట్‌సాఫ్ అంతకు మునుపే చూపియుండెను. ఒకటి ఆరంభించినచో చుట్టునున్నవి అనుసరించుటకు కారణ మిదియే.

ఇంగ్లండులో ఒక పాత నియమము కలదు. ఆంగ్లమున పేరులో 'ఆర్' అక్షరము లేని మే, జూన్, జూలై, ఆగస్టు నెలలలో ఆల్చిప్పలను తినరాదని అందురు. అచ్చటి సముద్రము వేసవిలోనే వెచ్చబడును. అప్పుడే ఆ జాతి గుడ్లు పెట్టును. పైగా ఆ జాతిలో ఆడది డింభకములను కొన్ని దినములు చిప్పలోనే పొదువుకొని యుండును గనుక అప్పటి మాంసము గరగరలాడును. ఆ దేశమునకు ఈ నియమము చక్కగా సరిపోయినది.

అదే నియమమును మన తీరమునకు తెచ్చినచో పొసగదు. మన సముద్రము ఏడాది పొడుగునను వెచ్చనిదే. ఇచ్చట పెద్ద మార్పు ఉష్ణోగ్రతలో కాదు, లవణీయతలో వచ్చును. వానలకు నదులు పొంగినప్పుడు మొగలలోను, ఉప్పుటేరులలోను ఉప్పదనము తటాలున పడిపోవును. మద్రాసు ఆల్చిప్ప గుడ్లు విడుచుటపైనను, డింభకముల పెరుగుదలపైనను లవణీయత ప్రభావమును గూర్చి కె. వీరభద్రరావు 1951లో ప్రకటించిన పరిశీలనలు ఈ విషయమున మార్గదర్శకములు. లవణీయత అంతగా మారని చోట సంతానోత్పత్తి దీర్ఘకాలము సాగుటకు అవకాశము కలదు; వానలకు నీరు మారిపోవు చోట అది ఋతుబద్ధమగును.

కేరళ తీరము దీనికి మంచి ఉదాహరణము. అచ్చటి సముద్రపు రాళ్ళపై పెరుగు పచ్చని చిప్పల జీవిని 'కల్లుమ్మక్కాయ' అందురు. దీనిని తెరచినచో మగదాని బీజకోశము మీగడ వన్నెతోను, ఆడదానిది నారింజ ఎరుపుతోను కనిపించును. ఇది ముఖ్యముగా నైరుతి ఋతుపవన కాలమున సంతతిని విడుచును. వానలు తగ్గుసరికి రాళ్ళపై పిల్లలు కనిపించును. వాటిని సేకరించి త్రాళ్ళకు కట్టి పెంచుదురు. అదే రాష్ట్రమున కొల్లం వద్దనున్న అష్టముడి సరస్సులోని చిన్న గుల్ల మాత్రము వానలు వెనుకబట్టి, నీటిలో ఉప్పదనము పెరిగిన పిమ్మట, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గుడ్లు విడుచును. రాష్ట్రమొకటియే, ఋతువులు రెండు.

అష్టముడి కథలో మనకు వేరొక పాఠమును కలదు. విదేశములలో గిరాకీ పెరుగుటచే 1991 నాటికి అచ్చట ఏటా సుమారు 10,000 టన్నుల గుల్లలు తీయబడెను. 1993లో అది సగమునకు పడిపోయెను. పిల్ల గుల్లలను, గుడ్లు విడువవలసిన గుల్లలను విచక్షణ లేక తీసిన ఫలితమిది. పిమ్మట కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సలహాపై డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వేటకు విరామము, వలకన్నుల పరిమాణమునకు కట్టుబాటు, ఎగుమతికి కనీస పరిమాణము అమలులోనికి వచ్చెను. దిగుబడి మరల కోలుకొనెను. 2014లో మెరైన్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువపత్రము పొందిన తొలి భారతీయ మత్స్య పరిశ్రమ ఇదియే. సుమారు 3,000 మంది బ్రతుకు దీనిపై ఆధారపడి యున్నది. మూడు నెలలు వేట మానుట పేదవానికి తేలిక కాదు. విరామము సరియైన నెలలలో లేనిచో అతని పస్తులును వ్యర్థమే, గుల్లల రక్షణయు వ్యర్థమే. నెలలను సరిగా నిర్ణయించుట శాస్త్రజ్ఞుల బాధ్యత.

మన కాకినాడ అఖాతమును తలచుకొందము. రక్తములో హీమోగ్లోబిన్ గల ఎర్ర గుల్లలును, పలుచని గాజు వంటి చిప్పలు గల జాతియు అచ్చట కలవు. గుల్లలను కాల్చి సున్నము చేయుట మన తీరమున పాత వృత్తి. గోదావరి వరదనీరు చేరు ఈ అఖాతమునకు అష్టముడి నెలలు వర్తించునని తలంపరాదు; ఇచ్చటి నీటినే అడుగవలెను.

అడుగు విధానము కష్టమైనది కాదు. నెలకొకసారి ఒకే చోటి నుండి ముప్పది గుల్లలను తెచ్చి పొడవులు కొలువవలెను. తెరచి, బీజకోశము నుండి కొంచెము తీసి గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచి దశను వ్రాసికొనవలెను. ఆ దినపు నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను ప్రక్కనే నమోదు చేయవలెను. పండ్రెండు నెలలు ఇట్లు చేసినచో ఒక పట్టిక సిద్ధమగును. రెండవ ఏడు చేసినచో మొదటి ఏటిది ఎంతవరకు నమ్మదగినదో తెలియును. ఒక సూక్ష్మదర్శిని, ఒక ఉష్ణమాపకము, లవణీయతను కొలుచు చిన్న పరికరము ఉన్నచో చాలును. తీరప్రాంతమున చదువుకొను జంతుశాస్త్ర విద్యార్థులు పూనుకొన్నచో ఆ పట్టికలు పరీక్షలకే గాక, ఏ నెలలలో వల దింపరాదో తెలిసికొనగోరు బెస్తవారికిని ఉపయోగపడును.