కాలక్షేపం నవలను ఎలా చదవాలి?

"చదువుకోవాల్సిన వయసులో నవలలేమిటి?" అనే మాట హాస్టల్లో ఉన్న ప్రతి ఒక్కరూ వినే ఉంటారు. నేనూ విన్నాను. ఎనిమిదో తరగతిలో నా ట్రంకుపెట్టెలో బట్టల కింద దొరికిన పుస్తకం యద్దనపూడి సులోచనారాణి గారి "మీనా". దానికి అట్ట లేదు, చివరి పేజీలు లేవు. స్టడీ అవర్లో లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదివినందుకు గంటసేపు నిలబడ్డాను. వేళ కాని వేళ చదవడం నా తప్పే. కానీ ఆ నవల చదవడం తప్పని మాత్రం ఈనాటికీ అనుకోను. అందుకే తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ ఈ నాలుగు మాటలు.

రచయిత్రి గురించి

సులోచనారాణి గారు కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టారు. 2018లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారు. 1960, 70 దశకాల్లో ఆమె సీరియల్ కోసం పాఠకులు పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు. అద్దెకు పుస్తకాలిచ్చే షాపుల్లో ఆమె నవలలు చేతులు మారుతూనే ఉండేవి. "మీనా" 1973లో విజయనిర్మల గారి దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. "సెక్రటరీ" 1976లో అక్కినేని, వాణిశ్రీ గార్లతో వచ్చింది. 2016లో వచ్చిన "అ ఆ" సినిమాకు కూడా "మీనా" కథే ఆధారం.

ఆనందం ఎక్కడుంది?

మా పుస్తకానికి చివరి పేజీలు లేవన్నాను కదా! అయినా గదిలో పన్నెండుమందిమీ వంతులేసుకుని చదివాం. తల్లి గీసిన గీత దాటకుండా పట్నంలో పెరిగిన మీనా, పల్లెటూళ్ళో వ్యవసాయం చేసుకునే కృష్ణ చివరికి ఒకటవుతారని మాకు మొదటే తెలుసు. తెలిసీ చదివాం. అంటే ఆనందం ముగింపులో లేదు, ఆలస్యంలో ఉంది. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. ఒకరు ఒకటంటే ఇంకొకరు మరోలా అర్థం చేసుకుంటారు. వాళ్ళ మనసులో ఏముందో పాఠకుడికి తెలుసు, వాళ్ళకే తెలియదు. "అయ్యో, చెప్పెయ్యవమ్మా!" అని మనం విసుక్కుంటూనే పేజీ తిప్పుతాం.

ఇంకొక లాభం మాకు తెలియకుండానే జరిగింది. అంతకుముందు పాఠం కూడబలుక్కుని చదివేవాళ్ళం. నవల తర్వాత కన్ను లైను వెంట పరుగెత్తడం నేర్చుకుంది. సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచినా భయం తగ్గింది.

అడగవలసిన ప్రశ్న

అయితే ఒక సంగతి దాచకూడదు. ఈ నవలల్లో చాలావరకు కార్లుంటాయి, మేడలుంటాయి, మేడమీద గదులుంటాయి. మన ఇళ్ళు ఉండవు. ఒకరాత్రి మా గదిలో ఒకడు అడిగాడు: "ఒరే, ఇందులో మనమెక్కడున్నాంరా?" వెతికితే పొలంలో పనిచేసేవాళ్ళలోనో, కాఫీ తెచ్చిపెట్టేవాళ్ళలోనో కనిపించాం. వాళ్ళ ప్రేమలేమిటో, వాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో కథ చెప్పదు. ఆ రాత్రి చాలాసేపు ఎవరికీ నిద్రపట్టలేదు.

అలాగని పుస్తకం పారేశామా? లేదు. మర్నాడు మళ్ళీ చదివాం. ఇంటిమీద బెంగపెట్టుకున్న పిల్లవాడికి గంటసేపు ఇంకో ఇంట్లో తిరిగిరావడం హాయి. ఆ హాయి మేడలున్నవాళ్ళకే రాసిపెట్టింది కాదు, మనకూ హక్కుంది. కానీ చదవడం అయ్యాక ఆ ప్రశ్న మాత్రం వదలకూడదు.

గుర్తుంచుకోవలసినవి

1. స్టడీ అవర్ చదువుకు, ఆదివారం మధ్యాహ్నం నవలకు కేటాయించండి. దాచుకుని చదివితే సగం ఆనందం భయానికే పోతుంది.

2. కథ ఎక్కడ మిమ్మల్ని ఆపిందో, ఎక్కడ పరుగెత్తించిందో గమనించండి. రాయడం నేర్చుకోవడానికి అదే మొదటి మెట్టు.

3. హీరోలాంటి శ్రీమంతుడు వచ్చి కష్టాలు తీరుస్తాడని నమ్మకండి. "సెక్రటరీ"లో జయంతిని చూడండి. ఉద్యోగం చేసుకుని బతికే ఆ అమ్మాయి, రాజశేఖరం ఎంత ధనవంతుడైనా తన ఆత్మాభిమానం వదులుకోదు. తీసుకోవాల్సింది అది.

4. కథలో పేరులేని మనిషి కనిపిస్తే ఒక పేరు పెట్టండి. అతని ఇంటికి వెళ్ళి, అక్కడినుంచి కథ రాసి చూడండి.

ఆ పుస్తకానికి లేని చివరి పేజీలను మేం నోటుబుక్కు కాగితాలమీద రాసి అతికించాం. మా ముగింపులో మీనా పెళ్ళికి మా ఊళ్ళవాళ్ళందరూ వచ్చారు, అందరితోపాటు ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేశారు.