తీరిక లేని తల్లిదండ్రులు – నిత్య వ్యాయామం

మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు కింద నివసిస్తున్నవి. సమయం లేదని చెప్పడానికి ఈ రెండు భాషలలో వాడే మాటలను ఒకమారు పరిశీలించి అసలు విషయంలోకి వెళ్ళుదుము. తెలుగులో మనం ‘తీరిక లేదు’ అంటాం. తీరడం అంటే ముగియడం, పూర్తి కావడం. చేయవలసిన పనులన్నీ తీరిన పిమ్మట మిగిలేది తీరిక. ఉర్దూలో ‘ఫుర్సత్ నహీ’ అంటారు. తెలంగాణ పల్లెలలో అదే ‘పుర్సతు లేదు’ అయి తెలుగులో కలిసిపోయినది. ఈ పదం అరబ్బీ నుంచి వచ్చినది. ఆ భాషలో దానికి అవకాశం, అదను అని అర్థం. ఒకటి మిగిలేది, మరొకటి అందుకోవలసినది. పసిపిల్లలున్న ఇంటిలో పని తీరడమనేది ఉండదు. కనుక తీరిక చిక్కినప్పుడు వ్యాయామం చేద్దామనుకునే తల్లికి గాని తండ్రికి గాని ఆ దినం రాదు. అదనును కల్పించుకోవలె. అయితే దానిని కల్పించవలసినది వారొక్కరేనా, ఇంటిలోని తక్కినవారికి అందులో పాలు లేదా అన్నదే మేమిక్కడ చర్చింపదలచిన విషయం.

వ్యాయామం మన ప్రాంతానికి కొత్తది కాదు. కోస్తా పట్టణాలలో సాము నేర్పే స్థలాన్ని తాలింఖానా అనేవారు. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే గృహం. ఉర్దూ మాట తెలుగు వీధిలో స్థిరపడినది. కసరత్తు కూడ అట్లే మనదైన మాట. దండీలు, బస్కీలు, కర్రసాము, గరిడీ – ఈ విద్యలు నేర్చినవారంతా దాదాపు పురుషులే. వారిలో పెళ్ళికాని యువకులు కొందరు. పిల్లలను చూచుకునే స్త్రీలు ఇంట ఉన్నందువలన నిశ్చింతగా బయలుదేరినవారు మరికొందరు. చంటిబిడ్డను చంకనెత్తుకొని తాలింఖానాకు వెళ్ళిన తల్లిని గురించి మేమెన్నడూ చదవలేదు.

ఈ అసమానత నేటికీ పోలేదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రిక 2024లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో వయోజనులలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. పురుషులలో ఇట్టివారు నూటికి 42 మంది కాగా స్త్రీలలో 57 మంది. 2000 సంవత్సరంలో స్త్రీపురుషులను కలిపి చూచినా ఇట్టివారు నూటికి 22 మంది మాత్రమే. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే, మన దేశంలో మధుమేహం ఉన్నవారి సంఖ్య 10 కోట్లు దాటినదని తెలిపినది. శ్రమ లేకపోవడమే దీనికి ఏకైక కారణం కాదు. కాని ముఖ్యమైన కారణాలలో అదొకటి.

ఉదయం నుంచి రాత్రి వరకు ఇల్లంతా తిరిగే స్త్రీలకే శ్రమ తక్కువని చెప్పే ఈ లెక్క మొదట వింతగా తోస్తుంది. ‘ఇంత చాకిరీ చేస్తున్నాను, ఇంకా వ్యాయామమెందుకు?’ అని ఏ గృహిణి అయినా అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన అమ్మమ్మల నాడు రోట్లో పిండి రుబ్బడం, తిరగలి విసరడం, బావిలో నీళ్ళు చేదడం ఉండేవి. అవి నిస్సందేహంగా వ్యాయామాలే. నేడు మిక్సీ, గ్యాసు పొయ్యి, కొళాయి వచ్చినవి. పని తగ్గలేదు, పని స్వభావం మారినది. గంటల తరబడి పొయ్యి వద్ద నిలబడితే నడుము నొస్తుంది, కాళ్ళు లాగుతాయి; గుండె మాత్రం వేగంగా కొట్టుకోదు, ఊపిరి లోతుగా ఆడదు. అలసట వేరు, వ్యాయామం వేరు. చేతితో బట్టలుతకడం, వంగి నేల తుడవడం వంటి పనులు కొంతవరకు లెక్కలోకి వస్తాయి. కూరలు తరగడం, గిన్నెలు సర్దడం రావు. గుర్తు సులభమైనది: పని చేస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థమైన శ్రమ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సవరించిన సూచనల ప్రకారం వయోజనులకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరం. తీవ్రమైన శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలును. వీటికి తోడు వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండవలె. వారానికి 10,080 నిమిషాలు. అందులో 150 అంటే నూటికి ఒకటిన్నర పాలు. ఇంత స్వల్పమైన కాలాన్ని కేటాయించలేరా అని ఉపన్యాసకులు సాధారణంగా మందలిస్తారు. ఈ లెక్క మాకు రుచించదు. ఉద్యోగికి ఒక గంట అంటే ఒక గంటే. తల్లికి గంట అనేది పది ముక్కలుగా లభిస్తుంది. ప్రతి ముక్కకు ఒక కొసన పాలసీసా, మరొక కొసన పలకాబలపం వ్రేలాడుతుంటవి.

అయితే పై సూచనలలో తల్లిదండ్రులకు మేలు చేసే మార్పు ఒకటున్నది. 2010 నాటి సూచనలలో ఒక్కొక్క విడత కనీసం 10 నిమిషాలైనా సాగితేనే శ్రమ లెక్కలోకి వస్తుందన్న నిబంధన ఉండేది. 2020లో దానిని తొలగించినారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా, అయిదు నిమిషాలు వడిగా నడిచినా మొత్తంలో చేరుతుంది. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడిన పరిశోధన ఒకటి ఈ విషయాన్నే మరింత స్పష్టం చేసినది. బ్రిటన్‌లో ప్రత్యేకించి వ్యాయామం చేయని సుమారు 25,000 మందికి మణికట్టున పరికరాలు కట్టి పరిశీలించగా, దినానికి మూడుసార్లు ఒకటి రెండు నిమిషాల పాటు నిత్యజీవితంలోనే గట్టిగా శ్రమించినవారిలో – బస్సు కోసం వడిగా పోవడం, బరువుతో ఎత్తెక్కడం వంటివి – మరణాలు చెప్పుకోదగినంత తక్కువగా కనిపించినవి. ఇట్టి పరిశీలనలు సంబంధాన్ని చూపగలవేగాని అదే కారణమని నిరూపించలేవు. అయినను ముక్కలైన కాలం వ్యర్థం కాదని చెప్పడానికి ఇది చాలును.

ఈ శాస్త్రానికి మూలమే ఒక బస్సు కథ. జెర్రీ మోరిస్ అనే ఆంగ్ల వైద్యుడు తన సహచరులతో కలిసి లండను రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించినాడు. డ్రైవరు దినమంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లిస్తూ మెట్లెక్కి దిగుతుంటాడు. ఒకే సంస్థ, ఒకే బస్సు. కాని గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగా కనబడినది. మోరిస్ అంతటితో తృప్తిపడలేదు. 1956లో వారి యూనిఫారం కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుములు మొదటి నుంచే కొంత లావని తేలినది! కనుక ఘనతంతా మెట్లదే కాదు. ఆ పరిశోధకులు తపాలా బంట్రోతులను, బల్లల వద్ద కూర్చునే గుమాస్తాలను కూడ పోల్చి చూచినారు. నడిచేవారికే మేలు కనబడినది. మాకు నచ్చినదేమంటే, ఆ కండక్టర్లెవరూ వ్యాయామం కోసం తీరిక వెదకలేదు. వారి పనిలోనే అది ఇమిడి ఉన్నది.

తల్లిదండ్రుల దినచర్యలో ఏ పనిలో దీనిని ఇమడ్చవచ్చును? బడి దగ్గరైతే బిడ్డను బండి మీద గాక నడిపించి తీసుకువెళ్ళడం, తిరుగు దారిలో ఒంటరిగా వడిగా నడవడం. ఆఫీసులో లిఫ్టును విడిచి మెట్లెక్కడం. కుక్కరు కూతలు లెక్కపెట్టే వేళ వంటగది గోడకు చేతులానించి పది పన్నెండు మార్లు వంగి లేవడం, కుర్చీలో కూర్చుని చేతుల ఆసరా లేకుండా పది మార్లు లేవడం. ఇవి మన దండీలకు, బస్కీలకు సులభరూపాలే. వారానికి రెండు రోజులు శ్రద్ధగా చేస్తూ క్రమంగా సంఖ్య పెంచితే కండరాలకు కావలసిన వ్యాయామం చాలవరకు సమకూరుతుంది. ఇందుకు పరికరాలు గాని, వ్యాయామశాల రుసుము గాని అక్కరలేదు.

పిల్లలను ఆటంకమనుకోవడం కూడ సరికాదు. 5 నుంచి 17 సంవత్సరాల వయసువారికి దినానికి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే ఆట అవసరమని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బిడ్డను పార్కుకు తీసుకుపోయి తాము బెంచీ మీద చతికిలబడి సెల్‌ఫోను చూచే తండ్రులను దినమూ చూస్తున్నాం. ఆ ముప్పావు గంట వారికి అయాచితంగా దొరికిన అదను. బంతి ఆడవచ్చును, తాడాట ఆడవచ్చును, ఏమీ తోచకపోతే బిడ్డ సైకిలు వెంట పరుగెత్తవచ్చును.

ఇక తెల్లవారుజామున లేచి నడవమనే సలహా ఉన్నది. ఆరోగ్య గ్రంథాలన్నిటా అది కనిపిస్తుంది. ఫజర్ నమాజు ముగించుకొని అటునుంచి అటే నడకకు వెళ్ళే పురుషులు మన పేటలలో చాలామంది ఉన్నారు. చాల మంచి అలవాటు. కాని ఆ వేళ ఇంటిలో ఏమి జరుగుతున్నదో కూడ చూడవలె. మునిసిపాలిటీ నీళ్ళు వచ్చేది అప్పుడే. పాలు కాచడం, పిల్లలకు టిఫిను డబ్బాలు కట్టడం, జడలు వేయడం అప్పుడే. తెల్లవారుజాము సలహా వ్రాసినవారి ఇంట పొయ్యి మరొకరు ముట్టించి ఉంటారని మా అనుమానం. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దానికి దినానికి సుమారు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పాల్గొనే పురుషులు 88 నిమిషాలు. భార్య వ్యాయామానికి కావలసిన ముప్పది నిమిషాలు ఎక్కడ దాగి ఉన్నవో ఈ రెండు సంఖ్యల నడుమ వెదికితే దొరుకుతుంది.

కనుక మేము సూచించేది వంతుల పద్ధతి. సోమ, బుధ, శుక్రవారాలలో సాయంత్రం ఒక అరగంట తల్లిది. ఆ అరగంట బిడ్డ తండ్రి వద్ద గాని, దాదీ వద్ద గాని ఉంటుంది. మంగళ, గురు, శనివారాలు తండ్రివి. వంతు అన్న తరువాత అది అప్పు వంటిది, తీర్చవలసినదే. అతిథులు వచ్చినారని, కూర మాడుతున్నదని ఎగవేయరాదు. ఈ లెక్కన ఒక్కొక్కరికి వారానికి 90 నిమిషాలు వస్తుంది. తక్కిన 60 నిమిషాలు బడి దారిలోను, మెట్ల మీదను, ఆదివారం పిల్లలతో ఆటలోను సమకూర్చుకోవచ్చును. వారమంతా వీలుపడక సెలవు దినాలలోనే అధికంగా శ్రమించేవారికి కూడ గుండెకు సంబంధించిన మేలు దాదాపు సమానంగానే కనిపించినదని 2023లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. అయితే ఆరు దినాలు కదలక ఏడవ దినం ఒక్కుమ్మడిగా పరుగెత్తితే కండరాలు పట్టేస్తాయి, నెమ్మదిగా పెంచవలె. కాన్పు అయిన స్త్రీలు, విశేషించి ఆపరేషను అయినవారు, డాక్టరు చెప్పేంతవరకు ఆగవలె. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి గాని, తల తిరుగుడు గాని ఉంటే వెంటనే ఆపి వైద్యుని చూడవలె.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకింకా సంసారం లేదు గదా, ఈ వ్యాసం మాకెందుకని మీరనుకోవచ్చును. పైన చెప్పిన వంతులలో మూడవ వంతు మీది. మీ ఇంట చెల్లెలో తమ్ముడో చిన్నవారుంటే, వారానికి మూడు సాయంత్రాలు అరగంట వారి హోంవర్కు మీరు చూడండి; రొట్టెలపిండి మీరు కలపండి. అబ్బాయిలకు ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాం. ‘అమ్మీ, నీవు వ్యాయామం చేయాలి’ అని ఉపదేశం చేసి క్రికెట్టు బ్యాటు పట్టుకొని వెళ్ళిపోయే కుమారుని వలన ఆ తల్లికి ఒక్క నిమిషమైనా కలిసిరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన పేట తల్లులలో చాలామందికి సమయం చిక్కినా నడవడానికి చోటు లేదు. వీధిలో వాహనాలు, వెలుతురు లేని సందులు, పదిమంది చూపులు – వీటికి వెరచి ఇంటనే ఉండిపోతున్నారు. మన మైదానం సాయంత్రం తరగతులు ముగిసిన పిమ్మట ఖాళీగానే ఉంటుంది. వారానికి మూడు దినాలు 5 గంటల నుంచి 6 గంటల వరకు దానిని విద్యార్థుల తల్లులకు, పేటలోని స్త్రీలకు ప్రత్యేకించవచ్చును. 400 మీటర్ల చుట్టు వడిగా నడిస్తే అయిదు నిమిషాలు పడుతుంది; ఆరు చుట్లకు అరగంట నిండుతుంది. తల్లులు నడిచేంతసేపు వారి చిన్నపిల్లలను ఒక మూల ఆడించడానికి జాతీయ సేవా పథకం విద్యార్థినులు నలుగురు చొప్పున వంతులు వేసుకుంటే చాలును. ఇందుకు కావలసిన ఖర్చు చుట్టుకు సున్నపు గీత, తాగేందుకు ఒక కుండ నీళ్ళు, గేటు వద్ద ఒక దీపం.