తీరమున నడచిన ఇద్దరు

చదువవలసిన భాగము: యోహాను 21:1–22

ముఖ్యాంశము: తప్పిపోయిన సహోదరుని క్షమించితిమని చెప్పుట చాలదు, అతనియొద్దకు వెళ్లి, అతనితో కూడ నడువవలెను.



సంఘములో ఒకడు తప్పిపోయినప్పుడు పెద్దలు కూడుదురు, విచారింతురు, తీర్మానము వ్రాయుదురు. అతడు ఒప్పుకొనినయెడల క్షమించితిమనియు వ్రాయుదురు. అంతటితో పుస్తకము మూయబడును. అయితే ఆ మనుష్యుడు ఏమాయెను? ఈ ప్రశ్న నాకు ఒక శనివారమున సముద్రపు ఒడ్డున ఎదురైనది.

నా స్నేహితుడొకడు చాలకాలము మా సంఘపు కానుకల పెట్టెకు బాధ్యుడుగా నుండెను. కుమార్తె వివాహ సమయమందు చేతిలో డబ్బు లేక, పెట్టెలోని సొమ్ము వాడుకొనెను. లెక్క చూచునాడు తానే ఒప్పుకొని, నాలుగు నెలలలో అంతయు తీర్చెను. అటుపిమ్మట అతడు గుడికి రాలేదు. రెండేండ్లు గడచెను.

ఆ కుమార్తెను ఇచ్చినది భీమునిపట్నము. అతడు అక్కడికి వచ్చియున్నాడని విని, పనిమీద ఆ ఊరు పోయిన నేను వారి యింటికి వెళ్లితిని. అతడు నన్ను చూచి లోపలికి రమ్మనలేదు. "తమ్ముడూ, అలా ఒడ్డు వెంబడి నడుద్దాము" అనెను. ఇంట మాటలాడుటకు సిగ్గుపడెనని తెలిసికొంటిని. కుమార్తె ఇద్దరికి అన్నము మూటకట్టి యిచ్చెను.

గోస్తనీ నది సముద్రములో కలియు చోటు వెనుకనుండగా మేము దక్షిణముగా నడచితిమి. అక్కడనుండి విశాఖపట్నము సుమారు 25 కిలోమీటర్లు. ఎడమప్రక్క సముద్రము, కుడిప్రక్క వానలకు కోసుకొనిపోయిన ఎర్రమట్టి దిబ్బలు. పొడి యిసుకలో నా పాదములు దిగబడుచుండగా అతడు నన్ను తడి యిసుక మీదికి పిలిచెను. నేను దారి పొడుగున వాక్యములు సిద్ధపరచుకొనుచుంటిని. ఏది ముందు చెప్పవలెను, ఏది తరువాత చెప్పవలెను అని.

ఒకచోట జాలరులు అలివి వల లాగుచుండిరి. వల రెండు కొసల త్రాళ్లు పట్టుకొని రెండు గుంపులు ఒడ్డున నిలిచి, లాగుచు లాగుచు ఒకరియొద్దకు ఒకరు జరుగుచు వచ్చిరి. ఒక గుంపే లాగినయెడల వల ఒడ్డు చేరదు. అది చూచి నాకు నోట మాట రాలేదు. రెండేండ్లుగా మేము ఒకే కొస పట్టుకొని, అతడే రావలెనని కూర్చుంటిమి.

మధ్యాహ్నము సరుగుడు చెట్ల నీడను కూర్చుండి మూట విప్పితిమి. ఏ బిడ్డ వివాహమునకు ఆ సొమ్ము ఖర్చాయెనో, ఆ బిడ్డ కట్టి యిచ్చిన అన్నము. అతడు పెద్దపాలు నాకు పెట్టెను. సిద్ధపరచుకొనిన వాక్యము ఒకటియు నా నోట రాలేదు. "అన్నా, ఆనాటి తీర్మానము వ్రాసినది నా చేయి. క్షమించితిమని వ్రాసితిని గాని నీ గడప త్రొక్కలేదు. నన్ను క్షమించు" అంటిని.

అతడు చాలసేపు సముద్రమువైపు చూచి, "డబ్బు కట్టినందుకు రసీదు ఇచ్చినారు తమ్ముడూ. మాటలాడుటకు మాత్రము ఎవరూ రాలేదు" అనెను.

ప్రియులారా, ఇప్పుడు తిబెరియ సముద్రతీరమునకు వెళ్లుదము. గలిలయ సముద్రమనునదియు అదే. సముద్రమని పేరేగాని అది సుమారు 21 కిలోమీటర్ల పొడవుగల మంచినీటి సరస్సు. అక్కడ ప్రభువు పేతురునకు చేసిన దానిని క్రమముగా చూడుడి.

1. ప్రభువే ముందుగా వచ్చెను, ముందుగా భోజనము పెట్టెను. పేతురు ముమ్మారు ఎరుగననిన రాత్రి, ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల నిప్పు యొద్ద చలి కాచుకొనుచుండెను (18:18). ఇక్కడ ఒడ్డునను బొగ్గుల నిప్పే యున్నది (21:9). క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ఆ మాట ఈ రెండు చోట్లనే కనబడును. పేతురునకు అవమానము గుర్తుచేయు నిప్పు మీదనే ప్రభువు అతనికి చేపలు సిద్ధపరచెను. ఆకలిగొనిన వానిని మొదట ప్రశ్నింపలేదు.

2. ప్రభువు ప్రేమనుగూర్చి అడిగెను. ఎందుకు బొంకితివని అడుగలేదు. అయినను తప్పును దాచిపెట్టనూలేదు. మూడు బొంకులకు మూడు ప్రశ్నలు. మూడవసారి పేతురు నొచ్చుకొనెను. గాయమును కడుగునప్పుడు నొప్పి కలుగును, అయితే అది మాన్పుటకే.

3. ప్రభువు పని అప్పగించెను. మందను మేపుమని చెప్పి, తన వెంట రమ్మనెను. పేతురు వెనుకకు తిరిగి, మరియొక శిష్యుడు వెంబడించుట చూచెనని 20వ వచనము తెలుపుచున్నది. అనగా అప్పటికే వారు నిప్పు యొద్దనుండి లేచి నడచుచుండిరని గ్రహింపవచ్చును. బొంకిన మనుష్యుడు మరల తన ప్రభువుతో కూడ నడచుచున్నాడు! ఇతరుని సంగతి అడుగబోయిన పేతురును ప్రభువు ఆపి, నీ నడక నీవు చూచుకొమ్మన్నట్లు చెప్పెను.

నా స్నేహితుడు మరుసటి నెల ప్రభు భోజనపు ఆదివారమున వచ్చి చివరి చాప మీద కూర్చుండెను. నేను వెళ్లి అతని ప్రక్కనే కూర్చుంటిని. పెట్టె మరల అతనికి ఇయ్యవలెనా అని కొందరు సణిగిరి. అతడే వద్దనెను. రోగులను దర్శించు పని అడిగెను. సిగ్గుతో తలుపు మూసికొనినవారి యింటికి ఎట్లు వెళ్లవలెనో మాలో అతనికి తెలిసినంతగా మరెవరికి తెలియును?

ఆలోచించుడి

1. మీ సంఘములో గుడికి రాక మానినవారు ఎవరు? వారి గడప త్రొక్కి ఎంతకాలమైనది?
2. మనము క్షమించితిమని చెప్పిన వారితో కలిసి భోజనము చేసితిమా?
3. తిరిగి వచ్చిన వారికి ఏ పని అప్పగింపగలము?

ప్రార్థన

మా ప్రభువా, మేము నిన్ను ఎరుగనట్లు నడచిన దినములలోను నీవు మా తీరమునకు వచ్చితివి. మా పుస్తకములలో వ్రాసిన క్షమాపణను మా కాళ్లతోను చేతులతోను నెరవేర్చుటకు మాకు కృప దయచేయుము. ఆమెన్.