బిడ్డకు క్రికెట్ గురువును వెదకు తల్లిదండ్రులకు

వేసవి సెలవులు సమీపించుచుండగనే మన పట్టణములలోని కూడళ్లయందు క్రికెట్ శిక్షణ శిబిరముల ఫ్లెక్సీలు వెలయుట మొదలగును. వానిపై ప్రసిద్ధుడైన ఆటగాని చిత్రమును, దాని క్రింద ఫోను నంబరును పెద్ద యక్షరములతో ఉండును గాని, ప్రతిదినము నెట్స్ కడ నిలిచి మన బిడ్డకు ఆట నేర్పబోవు మనుష్యుడెవ్వరో మాత్రము ఉండదు. తల్లిదండ్రులు ఆ చిత్రమును చూచియే మూడు నెలల రుసుమును ముందుగా చెల్లించి, బ్యాటు, ప్యాడ్లు, కిట్టు సంచియు కొని, అటుపిమ్మట గాని కోచ్ ముఖమును చూడరు. ఈ వరుసను తలక్రిందులు చేయవలెనని నా మనవి.

అన్నింటికంటె ముందు బిడ్డను ఇంటనే యుంచి, తాము ఒంటరిగా మైదానమునకు పోయి, ఒక గంటసేపు గట్టున కూర్చుండి చూడవలెను. ఒక్కొక్క నెట్టులో ఎందరు పిల్లలున్నారు? బ్యాటింగు వంతు వచ్చునందాక తక్కినవారు క్యాచులు పట్టుచు, త్రోలు విసరుచు ఉన్నారా, లేక ప్యాడ్లు కట్టుకొని ఊరక కబుర్లాడుచున్నారా? కోచ్ నిలిచిన చోటెక్కడ? వల వెనుక నిలిచి బాలుని తల ఎటు వాలుచున్నదో, ముందుకాలు ఎంతదూరము పోవుచున్నదో కనిపెట్టువాడొకడు. ఫోనును చెవికి ఆనించుకొని “కొట్టు, కొట్టు” అని కేకలు వేయువాడు మరియొకడు. బంతి బ్యాటు అంచునకు తగిలి వెనుకకు పోయినప్పుడు “సరిగా ఆడరా” అని కసరుట వలన ఆ బాలునికి తెలిసినదేమియు లేదు. “కాలు బంతి దగ్గరకు పోలేదు నాయనా” అని చెప్పి, తానే పది త్రో డౌన్లు మెల్లగా విసరి, అదే షాటును మరల మరల ఆడించి, కుదిరినదని తనకు తోచిన పిమ్మట గాని ఆ బాలుని వదలనివాడు శిక్షకుడు. ఆట నెరుగని తల్లి సైతము ఈ యిరువురకు గల భేదమును ఆ గంటలోనే గ్రహింపగలదు.

ముంబయి శివాజీ పార్కులో గురువు రమాకాంత్ అచ్రేకర్ వికెట్టుపై రూపాయి నాణెమునుంచి, సచిన్ టెండూల్కరును ఔట్ చేసిన బౌలరుకు ఆ నాణెమనియు, ఎవ్వరును ఔట్ చేయలేకున్నచో అది సచిన్‌కే దక్కుననియు పందెము పెట్టెడివాడన్న కథ మనవారందరెరిగినదే. ఎన్నిమారులు చెప్పుకొన్నను అందలి కిటుకును గమనించిన వారరుదు. అలసినవేళ ఏకాగ్రత చెదరును గనుక, దినమంతయు ఆడి అలసిన బాలునిచేత సరిగా ఆ వేళనే ఏకాగ్రతను అభ్యసింపజేసెను. ఆ నగరమందే దినేశ్ లాడ్ అను గురువు, రోహిత్ శర్మ ఆఫ్ స్పిన్ వేయుట చూచి తన పాఠశాలకు రప్పించి, రుసుము కట్టలేని ఆ బాలునకు ఆ రుసుమును మాఫీ చేయించి, కొంతకాలమునకు అతడు బ్యాటు పట్టిన తీరు కంటబడగా అతనిని బ్యాటరుగా తీర్చెను. బౌలరుగా చేర్చుకొంటిమి గనుక బౌలరుగనే ఉండవలెనను పట్టుదల ఆయనకు లేకపోయెను.

మన సికింద్రాబాదున జరిగిన సంగతి నా దృష్టికి ఇంతకంటెను గొప్పది. వైమానిక దళమున ఉద్యోగము చేసిన తండ్రి, ఉదయమున బద్ధకముతో లేవని కూతురు మిథాలీ రాజ్‌ను ఆమె అన్నతోపాటు శిక్షణ శిబిరమునకు పంపగా, అచ్చటి కోచ్ జ్యోతిప్రసాద్ ఆ బాలిక బంతి నాడు తీరును గుర్తించి, ఆమెకు తగిన గురువు సంపత్ కుమారని తండ్రికి చెప్పి, ఆయన కడకు పంపెను. చేతికి చిక్కిన మాణిక్యమును తనదిగా చెప్పుకొన వలెననుకొనక, వేరొకరికి అప్పగించిన ఆ మనస్సును ఏ సర్టిఫికెట్టులోను చూడలేము. 1999లో ఆమె తన తొలి వన్డేలోనే ఐర్లండుపై 114 పరుగులు చేసి అజేయముగా నిలిచెను. కావున కోచ్‌ను నిస్సంకోచముగా అడుగుడు: “మా బిడ్డ మీ శక్తికి మించిన దశకు వచ్చినచో ఎవరి కడకు పంపుదురు?” ఈ ప్రశ్నకు కోపగించువాడు పనికిరాడు.

ఫాస్ట్ బౌలింగు నేర్వగోరు పిల్లల విషయమున మరింత జాగరూకత కావలెను. ఎదుగుచున్న వెన్నెముక క్రిందిభాగమున, మితిమీరిన బౌలింగు వలన సన్నని పగుళ్లు ఏర్పడును. అవి మానుటకు నెలలు పట్టును. ఇంగ్లండు క్రికెట్ బోర్డు పదమూడేండ్ల లోపు ఫాస్ట్ బౌలరుకు ఒక విడతలో 5, ఒక దినమున 10 ఓవర్లకు మించరాదని హద్దు గీసినది. మన చోట, ఉదయము నెట్స్‌లో గంటసేపు వేయించి, సాయంకాలము మ్యాచులో మరల కొత్త బంతిని చేతికిచ్చువారున్నారు. ఓవర్ల లెక్క వ్రాసియుంచు కోచ్ కనబడినచో సగము వెదకులాట తీరినట్లే. పురుషుల బంతి 156 నుండి 163 గ్రాముల వరకు తూగగా, పదమూడేండ్ల లోపు వారి బంతి 133 నుండి 144 గ్రాములే. చిన్నవానికి పెద్ద బంతిని, బరువైన బ్యాటును ఇచ్చుట ధైర్యమును నేర్పుటకని చెప్పువారి మాట నమ్మరాదు.

ఆరేండ్లకే చేర్పకున్న వెనుకబడునను భయము వలదు. హైదరాబాదు ఫాస్ట్ బౌలరు సిరాజ్ టెన్నిస్ బంతితో వీధులలో ఆడి, ఏ అకాడమీకిని పోకయే యువకుడై, 2015లో రంజీ జట్టునకు చేరెను. చదువును మాన్పించి దినమంతయు మైదానముననే ఉంచుమనువాని సలహాయు వలదు. జట్టున స్థానములు పదునొకండే గాని, ఆశించువారు వేలమంది. ఇంటర్మీడియట్, డిగ్రీ చేతనున్నచో, ఆటగాడు కాలేని బిడ్డ శిక్షకుడో, అంపైరో, ఫిజియోథెరపిస్టో కాగలడు.

కోచ్‌కు భారత క్రికెట్ బోర్డువారి లెవెల్ పరీక్షల అర్హత ఉన్నదేమో అడిగి చూడుడు. ఉన్న మంచిదే, లేకున్నంతమాత్రమున త్రోసివేయ నక్కరలేదు. “అండర్ 16 విజయ్ మర్చంట్ ట్రోఫీ జట్టున చోటిప్పింతును, కొంత ఖర్చగును” అనువానిని మాత్రము త్రోసివేయవలసినదే; ఎంపిక సెలెక్టర్ల పని గాని కోచ్ పని కాదు. జనన ధ్రువపత్రమున రెండేండ్లు తగ్గింపుమని సలహా యిచ్చువాడు అంతకంటెను ప్రమాదకరుడు. వయస్సు దాచి పట్టుబడినవారికి రెండేండ్ల నిషేధము విధింతుమని బోర్డు 2020లోనే ప్రకటించినది. ఆ నిషేధమును అనుభవించునది కోచ్ కాదు, మీ బిడ్డ. అట్టి సలహా వినబడిన దినముననే, చెల్లించిన రుసుము పోయినను సరే, బిడ్డను ఇంటికి తీసికొనిరండు.