డిక్కీలో రెండో బ్యాటరీ పెట్టే ముందు

కోదాడ.

చిరంజీవి అల్లుడికి మేనమామ దీవించి రాయునది.

పెద్దగట్టు జాతరకల్లా కారుకి వెయ్యి వాట్ల ఆంప్లిఫయరు, బేస్ బాక్సు బిగిస్తావట, ఇంట్లో ఇన్వర్టరు కిందున్న ట్యూబులర్ బ్యాటరీని డిక్కీలోకి ఎక్కిస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాటలు పెట్టుకో, వద్దనను. ఆ ట్యూబులర్‌ని మాత్రం ఉన్నచోటే ఉండనీ. అది గంటల తరబడి నెమ్మదిగా కరెంటు ఇవ్వడానికి చేసింది, దరువుకో గుద్దు గుద్దినట్టు ఇవ్వడానికి కాదు. పైగా చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. తలుపులేసిన కారులో నీ వీపు వెనక అది ఉండటం నాకిష్టం లేదు. సడన్ బ్రేకు వేస్తే యాసిడ్ సంగతి సరేసరి.

అసలు నీ లెక్క బ్యాటరీ దగ్గర మొదలైంది. డైనమో దగ్గర మొదలవ్వాలి. సాగర్ ఎడమ కాలువలో నీళ్లొస్తేనే పాలేరు రిజర్వాయరు నిండేది. బ్యాటరీ పాలేరు లాంటిది, దాచి ఇస్తుందే గానీ పుట్టించదు. నీలాంటి చిన్న కారు డైనమో ఇచ్చేది 70 నుంచి 90 ఆంపియర్లు, అదీ ఇంజను జోరుమీదున్నప్పుడు. ఐడిల్‌లో సగానికి పడిపోతుంది. ఏసీ, హెడ్‌లైట్లు, ఇంజను సొంత అవసరాలు కలిపి 30, 40 లాగేస్తాయి. మిగిలిందే నీ పాటలకు.

ఇప్పుడు ఆంప్లిఫయరు. డబ్బా మీద 3000 వాట్లని అచ్చేస్తారు, నమ్మకు. కొనేముందు వెనక్కి తిప్పి ఫ్యూజులు చూడు. 30 ఆంపియర్లవి రెండుంటే మొత్తం 60. దాన్ని 13.8 వోల్టులతో గుణిస్తే 828 వాట్లు. క్లాస్ డి రకమైతే అందులో నూటికి ఎనభై పాళ్లు శబ్దమవుతుంది, అంటే సుమారు 660. నిజంగా వెయ్యి కావాలంటే 90 ఆంపియర్లు లాగాలి. అయితే పాటంతా అంత లాగదు, దరువు పడ్డప్పుడే. సగటున మూడో వంతు అనుకో. అందుకే ఇంజను నడుస్తుంటే మంచి బ్యాటరీ ఒక్కటే చాలా మందికి సరిపోతుంది. కెపాసిటర్ అమ్మజూస్తారు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 నుంచి 12 వోల్టులకు దిగేలోపు ఇచ్చేది 26 జౌళ్లు. వెయ్యి వాట్లకు అది సెకనులో దాదాపు నలభయ్యో వంతుకే సరిపోతుంది. ఆ డబ్బు వైరు మీద పెట్టు.

వైరు దగ్గరే మనవాళ్లు కక్కుర్తి పడేది. బానెట్ నుంచి డిక్కీకి దాదాపు 5 మీటర్లు. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 90 ఆంపియర్లు పోతే 0.8 వోల్టు దారిలోనే మాయం. 25 వేస్తే 0.3. కిట్లలో వచ్చేది చాలావరకు రాగి పూసిన అల్యూమినియం. చాకుతో కొస గీకి చూడు, తెల్లగా కనిపిస్తే వద్దను. ఎర్త్ కూడా అంతే లావుండాలి. బాడీకి బిగించే చోట పెయింటు గీకు. బ్యాటరీ ప్లస్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు ఉండి తీరాలి. అది ఆంప్లిఫయరును కాపాడేది కాదు, వైరు అంటుకోకుండా కాపాడేది.

నీది సెకండ్ హ్యాండ్ బండి కదా, వైరు వేసేటప్పుడు కార్పెట్ ఎత్తి అడుగున మట్టి, తుప్పు ఉన్నాయేమో చూడు. 2024 సెప్టెంబరు వరదలో కోదాడలో ఎన్ని కార్లు మునిగాయో తెలుసుగా.

ఇంజను ఆపి చెట్టుకింద పాటలు పెట్టుకోవాలంటేనే రెండో బ్యాటరీ. 60 ఏహెచ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు, అంటే 30 ఆంపియర్ల చొప్పున గంటే. పక్కన ఇంకోటి లేకపోతే ఆ తరవాత సెల్ఫ్ కొట్టకపోవచ్చు. పెట్టేదేదో ఏజీఎం రకం సీల్డ్ బ్యాటరీ పెట్టు, గ్యాసు దాదాపు బయటకు రాదు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. ఆ ప్లస్ వైరుకు రెండు చివరలా ఫ్యూజులు, ఎందుకంటే కరెంటు రెండు వైపుల నుంచీ తన్నుకొస్తుంది. మధ్యలో ఐసోలేటర్ రిలే, ఇంజను ఆగితే రెంటినీ విడదీసేది. పాతదాన్ని, కొత్తదాన్ని జత చేయకు, పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. లిథియం సంగతి నీ డైనమో చూశాక మాట్లాడదాం.

బిగించేటప్పుడు మైనస్ చివర, విప్పేటప్పుడు మైనస్ ముందు. ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకో.

రాత్రి 10 దాటాక పాట ఊరంతా వినపడితే పోలీసుల కంటే ముందు మీ అమ్మ నాకు ఫోన్ చేస్తుంది. జాగ్రత్త.

ఏమీ కొనకుండా ఈ ఆదివారం కారు తీసుకొని రా. క్లాంప్ మీటర్ పెట్టి ఐడిల్‌లో ఎంత, రేజ్ చేస్తే ఎంత చూద్దాం. మీ అనంతగిరి నుంచి కోదాడ ఎంత దూరమని! కారులో ఇప్పుడున్న బ్యాటరీ బిల్లుంటే తెచ్చుకో, వారంటీ తేదీ చూడాలి.

ఇట్లు,
మీ మేనమామ